పులి సర్టిఫికెట్టు

పులుల దారికని ఆసిఫాబాద్ జిల్లా అడవిని రిజర్వుగా ప్రకటించిన 49 నంబరు జీవోను సర్కారు ఆపింది. రద్దు చేయలేదండోయ్, ఆపింది. అక్కడి ఆదివాసులు బంద్ చేస్తే దక్కింది ఇంతే. ఆపిన బండిని ఎప్పుడైనా మళ్లీ తోలొచ్చు కాబట్టి, ఈలోగా వాళ్లకు నాదొక సలహా: అందరూ పులులుగా నమోదైపోండి.

లాభనష్టాలు చూడండి. పోడు పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ నేల మీదున్నట్టు రుజువు తేవాలి. తాత నరికిన మోడుకు రసీదెవరిచ్చారు? పులికి ఈ బాధ లేదు. నిన్న రాత్రి మహారాష్ట్ర తడోబా నుంచి నడిచొచ్చినా సరే, బురదలో పాదముద్ర పడిందా, స్థానికుడే. ఆధార్ అక్కర్లేదు, కెమెరా ట్రాప్‌లో ఫొటో ఒక్కటి చాలు. దగ్గర దగ్గర 1,500 చదరపు కిలోమీటర్లు ఒక్క సంతకంతో వచ్చిపడతాయి. పులి కుంటిందంటే డాక్టరు జీపులో వస్తాడు. వానాకాలంలో గోండు ఆడబిడ్డకు నొప్పులొస్తే మంచానికి కర్ర కట్టి వాగు దాటిస్తారు. పులయ్యారో, ఆ జీపు మీదే.

చారలంటారా, మండలాఫీసులో మాట్లాడుకుందాం. కులం సర్టిఫికెట్టుకు తడిపిన చెయ్యే దీనికీ తడపాలి. పులికి ఓటు లేదు కదా అని సందేహమా? ఓటుండి ఇన్నాళ్లూ ఏం దక్కిందో లెక్కేసుకోండి.

ఇంతకీ ఆ పులి దారిని అడ్డంగా కోస్తూ మంచిర్యాల నుంచి చంద్రాపూర్ వైపు నాలుగు వరుసల రోడ్డు పోతోంది. పక్కనే రైలు పట్టాలు. అవేవీ పులికి అడ్డం కాలేదట. అడ్డమల్లా రెండెకరాల పత్తిచేను! 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర అలాంటి చేలోనే ఒక యువతిని పులి చంపేసింది. పులితో బతకడమంటే ఏమిటో ఆ ఊళ్లకు హైదరాబాదు నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు.

పులి మీద నాకు కోపం లేదు. దానికి అడవి కావాలి, ఇవ్వాల్సిందే. కానీ రిజర్వు ప్రకటించే ముందు స్థానికులను సంప్రదించమని వన్యప్రాణి చట్టమే చెబుతోంది. ఈ రిజర్వు కిందికొచ్చే 300 పైచిలుకు ఊళ్లలో ఏ గ్రామసభను అడిగారు? తీర్మానం చూపించండి. పైగా ఆ రిజర్వుకు కుమ్రం భీం పేరా! పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే పన్ను వేసిన నిజాం అటవీశాఖ, ఆ జంగ్లాతు మీద తిరగబడి, 1940లో జోడేఘాట్‌లో తూటాలకు నేలకొరిగిన మనిషి పేరు, ఆయన మనవలను భయపెట్టే కాగితం మీదా? ఆ పేరు చెరిపేయండి. నిజాం జంగ్లాతు పేరే పెట్టుకోండి. మీ పనికి అదే సరిపోతుంది.