దూరసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: దూరం = కాలం × 0.034 ÷ 2

కర్త అజ్ఞాతుడు, ప్రతులు కోకొల్లలు. సొంత సరదాకు రోబో బండి కట్టుకునే కుర్రాళ్లు ఆర్డుయినో బోర్డులోకి తొలినాళ్లలోనే ఎక్కించే పంక్తి ఇది. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొల్చారం మల్లినాథ సూరికి ఈ మూలం దొరకలేదు గనుక, ఆ భారం ఖమ్మం ఎండలో తిరిగే ఒక టీకాకారుడి నెత్తిన పడింది.

ప్రతిపదార్థం: దూరం = బండికీ గోడకూ నడుమ సెంటీమీటర్లు; కాలం = సెన్సర్ వేసే కూత గోడదాకా పోయి రావడానికి పట్టిన మైక్రోసెకన్లు; 0.034 = ఒక్క మైక్రోసెకనులో శబ్దం నడిచే సెంటీమీటర్లు; ÷ 2 = రానూపోనూ లెక్కలో సగం. ఈ ÷ 2ను మరిచినవాడి బండి మీటరు దూరపు గోడను రెండు మీటర్లనుకుని ధైర్యంగా వెళ్లి గుద్దుకుంటుంది.

పూర్వపక్షం: దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ ముందున్న రెండు గుండ్రటి డబ్బీలు కళ్లే కదా?

కావు. ఒకటి నోరు, ఒకటి చెవి. బోర్డు 10 మైక్రోసెకన్ల సైగ చేయగానే నోరు 40 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది కూతలు వేస్తుంది. మన చెవి 20 దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్ల నిద్ర చెడదు. కిన్నెరసాని అడవిలో పురుగులు పట్టుకునే గబ్బిలాలకు ఈ విద్య పాతదే. యంత్రానికి చెవి పెట్టడమూ కొత్త కాదు: 1979లో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరైన రాజ్‌రెడ్డి, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు మనిషి, పేరు తెచ్చుకున్నదీ యంత్రాలకు మాట వినడం నేర్పే పరిశోధనతోనే.

దేశకాల విచారం: గాలి వేడెక్కితే శబ్దం జోరందుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ఆపై డిగ్రీకి సుమారు 0.6 మీటరు. ఆ లెక్కన 0.034 అన్నది 14, 15 డిగ్రీల చలిగాలి మాట. అంటే మూలపాఠం భద్రాచలంలో ముక్కోటి తెల్లవారుజామున చెల్లుతుంది. శ్రీరామనవమి మధ్యాహ్నానికే సడలిపోతుంది. రోహిణి కార్తెలో కొత్తగూడెం 45 డిగ్రీలకు ఎక్కినప్పుడు శబ్దం 358 మీటర్ల వేగంతో ఉరుకుతుంటే, మూలం 340 అనే మంకుపట్టు పడుతుంది. మీటరు దూరంలోని గోడ 95 సెంటీమీటర్లకు జరిగొచ్చినట్టు తేలుతుంది. 0.0343 అని పాఠాంతరం ఒకటుంది; అది 20 డిగ్రీల ఏసీ గదులవారిది. పక్కన ఉష్ణోగ్రత సెన్సర్ తగిలించి, 0.034కు బదులు (331.3 + 0.606 × ఉష్ణోగ్రత) ÷ 10000 అని రాసుకోవడమే సాధుపాఠం.

దోషం: గుడ్డ, దూది లాంటి మెత్తటి వస్తువులు కూతను మింగేస్తాయి. ఏటవాలుగా ఉన్న పలక దాన్ని పక్కకు నెట్టేస్తుంది. జవాబు రాక గడువు దాటితే పల్స్‌ఇన్ అనే ఆజ్ఞ కాలాన్ని 0 అంటుంది. సున్నాను దేనితో గుణించినా సున్నాయే గనుక, ఎదురుగా ఖాళీ మైదానమున్నా గోడ ముక్కుకు తగిలినట్టే బండి ఠక్కున ఆగిపోతుంది. కాలం 0 అయితే ఆ కొలతను లెక్కలోకి తీసుకోవద్దని మూలానికి ముందొక పంక్తి ఉండాలి; చేతులు మారిన చాలా ప్రతుల్లో అది లోపించింది.