ఎవరి కడుపు మాడాలి?

ప్రతి నెలా ఒకటో తారీఖున తిండి మానేసి, వాతావరణ న్యాయం చెయ్యమని ప్రభుత్వాలను వేడుకునే వ్రతం ఒకటి 2013 చివర్లో పుట్టింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య లాంటి పెద్ద మతసంస్థలే దాన్ని నెత్తికెత్తుకున్నాయి. ఏకాదశికి విష్ణువున్నాడు, శివరాత్రికి శివుడున్నాడు. ఈ ఒకటో తారీఖు ఉపవాసం ఎవరి పేరిటో మాత్రం తేలదు. బొగ్గు తవ్వేవాడి మీదా, కొనేవాడి మీదా, సంతకం దగ్గర కలం మూసే మంత్రి మీదా? మన కలెక్టరాఫీసుల ముందు టెంటు వేసి, టిఫిను చేసి వచ్చి కూర్చుని, సాయంత్రం నిమ్మరసంతో విరమించే రిలే నిరాహార దీక్షలకైనా బ్యానరు మీద ఫలానా అధికారి అని రాసి ఉంటుంది.

ఆ వ్రతం పుట్టుక మాత్రం ఎగతాళి చెయ్యదగ్గది కాదు. 2013 నవంబరు 8న హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో ఆరు వేల మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. మూడు రోజులకు వార్సాలో ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు మొదలైంది. టాక్లోబాన్‌లో శవాలు మోస్తున్న తన సోదరుడికి మూడు రోజులుగా తిండి లేదని, చెప్పుకోదగ్గ ఫలితం కనబడేదాకా తానూ ముట్టనని ఫిలిప్పీన్స్ ప్రతినిధి యెబ్ సాన్యో కన్నీళ్లతో ప్రకటించాడు. సభ యావత్తూ లేచి చప్పట్లు కొట్టింది. వారం తిరిగేసరికి అదే వార్సాలో, సాక్షాత్తూ పోలండ్ ఆర్థిక శాఖ భవనంలో, ప్రపంచ బొగ్గు సంఘం తన శిఖరాగ్ర సభ జరుపుకుంది. సదస్సు చివర వాతావరణ మార్పు తెచ్చే నష్టాల కోసం ఒక 'యంత్రాంగం' దక్కింది, పైసా లేకుండా. 2015లో పారిస్‌లోనైతే, నష్టాల అధికరణను చూపించి ఎవరినీ బాధ్యుణ్ణి చెయ్యకూడదని, పరిహారం అడగకూడదని 51వ పేరాగా రాసిపెట్టుకున్నారు. అసలు నిధికి ఒప్పుకున్నది 2022లో. ఈలోగా ఎన్ని ఒకటో తారీఖులు వచ్చిపోయాయో!

ఉపవాసం ఆత్మశుద్ధికి, ఫలితం అడగరాదంటారా? మంచిదే, అయితే దాన్ని న్యాయపోరాటం అనకండి. బాధితుల బాధ పంచుకోవడమంటారా? పంచుకుంటున్నది బాధ ఒక్కటే అయితే పేచీ లేదు, పాపం కూడా పంచేస్తున్నారు. ఆక్స్‌ఫామ్ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలోని ఒక్క శాతం సంపన్నుల ఉద్గారాలు, అడుగునున్న 66 శాతం జనాభా ఉద్గారాలతో సమానం. సొంత విమానమున్నవాడూ, సైకిలు తొక్కుతూ చర్చికి వచ్చేవాడూ ఒకే పూట అన్నం మానేస్తే తిలాపాపం తలా పిడికెడు. మొదటివాడికి ఇంతకంటే చవకైన ప్రాయశ్చిత్తం దొరకదు. ఇక గాంధీ పేరెత్తేవారికి జవాబు గాంధీయే చెప్పాడు: మన మీద ప్రేమ ఉన్నవాడి మీదే ఉపవాసం పనిచేస్తుందని ఆయన నమ్మకం. చమురు కంపెనీకి మన మీద ఎంత ప్రేముందో పెట్రోలు బంకులో చూస్తూనే ఉన్నాం. పొట్టి శ్రీరాములు పేరెత్తితే తెలుగువాడు నోరు మూసుకోవాలి, నిజమే. కానీ ఆయన కోరిక ఒక్కటే, అడిగింది ఢిల్లీని. 58 రోజులు మాడినా నెహ్రూ కదల్లేదు. 1952 డిసెంబరు 15న ఆయన పోయాక ఊళ్లు రగిలి, రైళ్లు ఆగాకే, 19న ఆంధ్ర రాష్ట్ర ప్రకటన వచ్చింది. ఆ లెక్కన ఉపవాసానికి బలం వెనకున్న జనానిది. నెలకోరోజు బుద్ధిగా పస్తుండి, మర్నాడు బుద్ధిగా ఆఫీసుకెళ్లే జనానికి ఏ ప్రధాని భయపడతాడు?

నిజానికి తిండి మానడం వల్ల నిర్ణయాలు త్వరగా జరుగుతాయన్న సంగతి క్రైస్తవ మతానికి ఏడున్నర శతాబ్దాల కిందటే తెలుసు. కాకపోతే అక్కడ పస్తున్నది భక్తులు కాదు. 1268లో పోప్ పోయాక ఇటలీలోని వితెర్బోలో చేరిన కార్డినళ్లు దాదాపు మూడేళ్లు ఎటూ తేల్చలేదు. విసిగిపోయిన ఊరివాళ్లు వాళ్లను లోపల పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, చివరికి భవనం పైకప్పు కూడా పీకేశారని చెబుతారు. అలా ఎన్నికైన పదో గ్రెగొరీ ఆ పాఠం మరవకుండా 1274లో చట్టమే చేశాడు: మూడు రోజుల్లో తేల్చకపోతే పూటకు ఒక్క వంటకమే, మరో అయిదు రోజులు దాటితే రొట్టె, నీళ్లు, ద్రాక్షసారా. వాతావరణ సదస్సులు ఎటూ గడువు దాటి తెల్లవారేదాకా సాగుతుంటాయి. కాబట్టి మతపెద్దలు తమ మందను పస్తులుంచడం మాని, ఆ పాత చట్టాన్ని దుమ్ము దులిపి ఐక్యరాజ్యసమితికి పంపితే, వచ్చే సదస్సులో మూడో రోజు నుంచే క్యాంటీనుకు తాళం వేయించవచ్చు.