డెల్టావాడి రాతియుగం

మా తెనాలిలో రాయి అనేది డబ్బు పెట్టి కొనుక్కోవలసిన సరుకు. పల్నాడు వాళ్లకి ఈ సంగతి చెబితే నవ్వుతారు. వాళ్లు పొలం దున్నితే రాళ్లు పైకొస్తాయి. మేం ఎంత తవ్వినా నల్లమన్నే, ఇంకా తవ్వితే నీళ్లు. చిన్నప్పుడు మామిడికాయ కొట్టాలన్నా మాకు మట్టిబెడ్డే దిక్కు. అది కాయను చేరేలోపే గాల్లో పొడై, విసిరినవాడి కళ్లల్లోనే పడేది. మనిషి వంగితే పరిగెత్తడం ఎక్కడి కుక్కకైనా తెలిసిన విద్య. మా వీధి కుక్కలు మాత్రం ఆగి చూస్తాయి, పాపం వీడికేం దొరుకుతుందోనని.

ఇలాంటి ఊళ్లో ఉంటూ, బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, రాతి ములికి ఒకటి సొంతంగా చెక్కాలని నాకు బుద్ధి పుట్టింది. పుట్టించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఈ దొర 1863 మే 30న మద్రాసు పక్కన పల్లావరంలో కంకరలోంచి ఒక రాయి తీసి, ఇది పగిలిన రాయి కాదు, ఎవరో పగలగొట్టిన రాయి అని పోల్చాడు. మన దేశంలో పాతరాతియుగం గురించిన చదువు అక్కడ మొదలైంది. తర్వాత ఆయన అప్పటి కర్నూలు జిల్లా గుహల్లోనూ తవ్వించాడు. మా వైపు తీరం నేల మీద గ్రంథమూ రాశాడు. అంతటివాడికి పల్లావరంలో దొరికిన భాగ్యం నాకు బాపట్లలోనో రేపల్లెలోనో ఎందుకు దొరకదు?

దొరకదు. ఎందుకంటే మా రాతియుగం నీళ్లలో ఉంది. మంచుయుగం అయిపోయి సముద్రం పెరిగాక, ఆరేడు వేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికంటే బాగా లోపలికి ఉండేది. తర్వాత కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రుతో డెల్టా మెల్లగా ముందుకు జరిగింది. అవతల నల్లమల వాళ్లు లక్షణంగా రాతి పనిముట్లు చెక్కుకుంటున్న కాలంలో రేపల్లెలో స్థలం కొనాలంటే పడవ వేసుకుని వెళ్లాలి.

అసలు ప్రతి రాయీ ములికి కాదు. చెకుముకి రాయి, చెర్ట్, అగ్నిపర్వతపు గాజు లాంటి వాటికి లోపల గింజ కనబడదు. అంచు మీద సరిగ్గా కొడితే దెబ్బ బలం శంకువు ఆకారంలో లోపలికి పరుచుకుని, పల్చటి పెచ్చు ఊడి వస్తుంది. పెచ్చు అంచు బ్లేడుకు తీసిపోదు. గ్రానైటు సంగతి వేరు. అది పల్లీచెక్క, మనం కొట్టిన చోట కాకుండా గింజకీ గింజకీ మధ్య తనకి ఇష్టమైన చోట విరుగుతుంది. ఈ రెండింటి మధ్యా క్వార్ట్‌జైట్ ఉంటుంది. ఒకనాటి ఇసుకే నేల లోపలి వేడికీ ఒత్తిడికీ ఏకశిలగా అతుక్కుపోతే అది క్వార్ట్‌జైట్. పగులుతుంది గానీ బతిమాలించుకుంటుంది.

రాయి కోసం మూడు ఊళ్లూ వెతికాను. తెనాలి శిల్పులు కంచుతో, ఫైబరుతో, చివరికి ఇనప తుక్కుతో కూడా విగ్రహాలు నిలబెట్టగల ఘనులు. వాళ్లనడిగితే కావలసినన్ని బోల్టులు ఇస్తామన్నారు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచికి వెళ్తే అంతా ఇసుక. దాన్ని కొన్ని కోట్ల ఏళ్లు భూమిలో అదిమిపెడితే క్వార్ట్‌జైట్ కావచ్చు, కానీ పెన్షన్ అంతకాలం ఇవ్వరు. రేపల్లె లైను పక్కన మాత్రం కంకర కుప్పలుగా కనిపించింది. ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూస్తుంటే గేటు దగ్గరాయన వచ్చాడు.

"ఏంది మాస్టారూ, రాళ్లేరుకుంటన్నారు?"

"బాణం చేద్దామని."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇది రైల్వే వాళ్ల ఆస్తండీ. ఎండ కూడా ఎక్కువగా ఉంది, ఇంటికి పోండి," అన్నాడు. రెండూ నిజాలే కాబట్టి వచ్చేశాను.

చివరికి మాచర్లలో ఉండే మా బావమరిది పండక్కి వస్తూ సంచీ నిండా క్వార్ట్‌జైట్ గులకరాళ్లు మోసుకొచ్చాడు. "బావా, మా వైపు వీటిని కాలితో తన్నుకుంటూ పోతాం. బస్సులో కండక్టరు సంచీ ఎత్తి చూసి, మామిడిపళ్లయితే బాగుండేది కదయ్యా అన్నాడు," అన్నాడు. మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగే ముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ జరిగిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కట్టడాలతో పాటు రాతియుగపు పనిముట్లూ బయటపడ్డాయి. మా బావమరిది తన్నుకుంటూ పోయే రాయికి అంత వంశం ఉంది.

పెరట్లో పీట వేసుకుని, గుండ్రాయి చేతబట్టి కూర్చున్నాను. మా ఆవిడ కరోనా నాటి మాస్కొకటి తెచ్చిచ్చింది. అది వేళాకోళం కాదు, అవసరం. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ పూసలు చేసేవాళ్ల ఊపిరితిత్తులను రాతిధూళి తినేసిన సంగతి ఉంది. కళ్లజోడూ తప్పనిసరి. అంతా తగిలించుకుని ఒక్క దెబ్బ వేశాను. రాయి చెక్కు చెదరలేదు. భుజం మాత్రం సహకరించింది.

అప్పుడు మా వీధిలో ఒకప్పుడు రోళ్లకు కక్కు కొట్టిన పెద్దాయనను పిలిచాను. మిక్సీలొచ్చాక ఆయన సుత్తికి పని పోయింది, చెవికి పోలేదు. రాళ్లను ఒక్కొక్కటే సుత్తితో తట్టి విన్నాడు. "ఇది కంగుమంటంది, ఉంచండి. ఇది బొక్కుమంటంది, లోపల పగులుంది, పారెయ్యండి," అన్నాడు. తర్వాత నా కొట్టుడు చూసి బాధపడ్డాడు. "నడిమిన కొట్టబాకండి మాస్టారూ. అంచు చూసుకోండి. అంచు లోపలికి వాలుంటేనే పెచ్చు లేస్తది." రాతియుగం మీద నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పిందీ ఇదే: దెబ్బ తగిలే అంచు తొంభై డిగ్రీల లోపు ఉండాలి. తనకు తెలిసిన నల్లరాయిని మాత్రం పొడిపొడిగా గిల్లాల్సిందేనట, పెచ్చులుగా రాదట. కొత్తరాతియుగం వాళ్లకీ ఇది తెలుసు. అందుకే డోలరైటు లాంటి మొండి రాళ్లను గిల్లి, అరగదీసి గొడ్డళ్లు చేసుకుని, కత్తులకు మాత్రం చెర్ట్ వెతుక్కున్నారు.

ఆయన చలవవల్ల పెచ్చులైతే లేచాయి. ఆ పెచ్చు ఒకదానితో మా ఆవిడ వంకాయ తరిగి, "ఫరవాలేదండీ, తెగుతంది," అంది. కానీ ములికికి కావలసిన సన్నటి నగిషీకి క్వార్ట్‌జైట్ ఒప్పుకోలేదు. కర్నూలు వైపు జ్వాలాపురంలో, సుమత్రాలో 74 వేల ఏళ్ల కిందట పేలిన తోబా అగ్నిపర్వతపు బూడిదకు పైనా కిందా దొరికిన పనిముట్లలో సున్నపురాయివి కూడా ఉన్నాయని చదివి, మా వసారాలో పరిచిన నాపబండల వైపు చూశాను. మా ఆవిడ నా చూపు చూసింది. ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

మిగిలింది గాజు. కాలిఫోర్నియాలో 1911లో అడవి వదిలి బయటికొచ్చిన ఇషి అనే ఆయన మ్యూజియంలో ఉంటూ సీసాల గాజుతో అద్భుతమైన ములుకులు చెక్కాడు. ఆస్ట్రేలియా కింబర్లీ మూలవాసులు సీసాలతో పాటు టెలిగ్రాఫు స్తంభాల పింగాణీని కూడా వదల్లేదు. సీసా అడుగున గాజు మందంగా ఉంటుంది కాబట్టి పాత సామాన్ల కొట్టుకు వెళ్లి బీరు సీసాలు అడిగాను.

"సీసాలు కాదయ్యా, నాక్కావలసింది అడుగులు."

"అడుగున ఏం మిగలదు మాస్టారూ. తాగేవాళ్లు అంత దయ తలచరు."

మర్నాటికి నా పాత శిష్యులిద్దరు ఇంటికొచ్చి, ఏదైనా కష్టముంటే తమతో చెప్పుకోమన్నారు.

మోటారు వైండింగు కొట్టులో రాగి కడ్డీ ముక్క తెచ్చి, కర్రపిడి బిగించి, తోలు ముక్క మీద గాజును పెట్టుకుని అంచును ఒత్తాను. కొట్టడం కాదు, ఒత్తడం. టిక్కుమని గోరంత పెచ్చు. తిప్పి ఇంకోటి. కాసేపటికి పచ్చటి ములికి తయారైంది, కాస్త వంకరగా. చూసిన ప్రతివాడూ మెచ్చుకుని, ఏ బ్రాండని అడిగాడు.

ఈ చెక్కుడుతో ఆదిమానవుడు అనే మాటలోని చులకన నా నోటి నుంచి పోయింది. మొండి రాయి ముందు కూర్చుని, ఎక్కడ తట్టాలో, ఎక్కడ ఆగాలో, దేన్ని ముట్టకుండా పారేయాలో తెలిసినవాడు మొరటువాడు ఎలా అవుతాడు? మరి మా డెల్టావాడి ప్రతిభ ఎక్కడుంది? భట్టిప్రోలు వెళ్లి చూడండి, తెనాలి నుంచి రేపల్లె పోయే దారిలోనే. 1892లో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో బ్రాహ్మీ అక్షరాలున్న రాతి భరిణెలు, స్ఫటిక భరిణెలు బయటికి తీశాడు. గులకరాయి పుట్టని నేల మీద ఇంత రాతిపని! రాయి మాది కాదు, తెప్పించుకున్న తెలివి మాది. కాబట్టి రాతియుగం నాటికే రేపల్లె గట్టిపడి ఉంటే మావాళ్లు భుజాలు నొప్పెట్టేలా రాళ్లు కొట్టేవాళ్లు కారు. నల్లమల నుంచి ములుకులు తెచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, ఎండుచేపలు తూచి, "ఇంత దూరం వచ్చావు, ఇంకో రెండు కొసరెయ్యవయ్యా," అనేవాళ్లు.