నాంపల్లి అనే థ్రెడ్‌కు టీకా తాత్పర్యం

మూలం:

థ్రెడ్ = ఎస్‌డీఎల్_క్రియేట్‌థ్రెడ్(పని, "నాంపల్లి", సరుకు);
ఎస్‌డీఎల్_వెయిట్‌థ్రెడ్(థ్రెడ్, &ఫలితం);

అవతారిక. ఇది ద్విపద. గణాలు కుదరవు, ప్రాస లేదు. యతి స్థానంలో సెమికోలన్ ఉంది. అది తప్పితే మాత్రం ఏ లాక్షణికుడూ చూపనంత కాఠిన్యంతో కంపైలర్ పద్యాన్ని తిరగ్గొడుతుంది. ఇందులోని క్రియాపదాలు సింపుల్ డైరెక్ట్‌మీడియా లేయర్ (ఎస్‌డీఎల్) అనే లైబ్రరీవి. 1998లో శామ్ లాంటింగా ఆటలు రాసేవాళ్ల కోసం దాన్ని మొదలుపెట్టాడు. ఒకసారి రాసిన కోడ్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ, తర్వాత ఆండ్రాయిడ్‌లోనూ నడవాలన్నది దాని సంకల్పం. నాయకుడు నాంపల్లి అనే థ్రెడ్. రసం ఏదన్నది రెండో పాదం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది: ఉంటే శాంతం, లేకపోతే అద్భుతంగా మొదలై భయానకంలో తేలుతుంది. పాఠాలు చెప్పేవాళ్లు చాలామంది మొదటి పాదానికి పది పుటలు, రెండో పాదానికి రెండు వాక్యాలు ఇస్తారు. ఈ టీక పక్షం తలకిందులు. థ్రెడ్‌ను పుట్టించే దగ్గర ఆపరేటింగ్ సిస్టమ్‌ల మధ్య ఉన్న తేడాలను దాదాపుగా లైబ్రరీ దాచగలిగింది. ముగించే దగ్గర దాచలేకపోయింది. దాచలేనని ఒప్పుకొని, చంపే క్రియను నిఘంటువులోంచే తీసేసింది. ఆ తీసివేతే ఈ లైబ్రరీలో అన్నిటికంటే మెచ్చదగ్గ పని.

ప్రతిపదార్థం. పని = థ్రెడ్ నడపవలసిన ఫంక్షన్; "నాంపల్లి" = డీబగ్గర్‌లో గుర్తుపట్టడానికి పెట్టిన పేరు; సరుకు = ఆ ఫంక్షన్‌కు అందే పాయింటర్; థ్రెడ్ = పుట్టినదాన్ని పట్టుకోవడానికి మిగిలిన పిడి, పుట్టకపోతే నల్; ఫలితం = పని ముగిశాక అది తిరిగి ఇచ్చే పూర్ణాంకం. మెదక్ జిల్లా కొల్చారం వాడుగా చెప్పే మల్లినాథ సూరి అన్వయక్రమంలో వ్యాఖ్యానం నడిపాడు కనుక మనమూ కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ అని అడగాలి. అడిగితే ఒక చిక్కు బయటపడుతుంది. సరుకు అన్నది వస్తువు కాదు, వస్తువు ఉన్న చోటు మాత్రమే. పుట్టించిన ఫంక్షన్ తన స్థానిక చలరాశి చిరునామా ఇచ్చి, థ్రెడ్ ఇంకా పని మొదలుపెట్టకముందే తాను ముగిసిపోతే, నాంపల్లి వెళ్లి చూసేసరికి ఆ చోట ఇంకేదో ఉంటుంది. కాబట్టి రెండో పాదం ముగింపు మాట మాత్రమే కాదు. సరుకు ఎంతకాలం బతకాలో తేల్చేదీ అదే. మొదటి పాదంలోని మూడో పదానికి అర్థం రెండో పాదం లేకుండా పూర్తికాదు.

లైబ్రరీ దాచిన తేడాలేమిటో చూద్దాం. యూనిక్స్ కుటుంబం థ్రెడ్‌లకు 1995లో పోసిక్స్ ప్రమాణం వచ్చింది. అందులో థ్రెడ్ నడిపే ఫంక్షన్ ఒక పాయింటర్‌ను తిరిగి ఇస్తుంది. విండోస్‌లో అదే ఫంక్షన్ 32 బిట్ల సంఖ్యను ఇస్తుంది. ఇద్దరికీ సరిపోయేది చిన్నదే గనుక ఎస్‌డీఎల్ పూర్ణాంకంతో సరిపెట్టుకుంది. పాయింటర్‌ను ఫలితంగా తెచ్చుకుందామనుకున్న లినక్స్ అభిమాని దాన్ని సరుకులోనే ఎక్కడో దాచుకోవాలి. విండోస్‌లో ఇంకో మడతపేచీ ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే క్రియేట్‌థ్రెడ్ వేరు, సీ భాష రన్‌టైమ్ ఇచ్చే బిగిన్‌థ్రెడెక్స్ వేరు. ప్రతి థ్రెడ్‌కూ రన్‌టైమ్ తన సొంత లెక్కలు కొన్ని పెట్టుకుంటుంది కనుక, సీ భాషలో రాసేవాళ్లకు రెండోదే తగినది. ఎస్‌డీఎల్ తన క్రియాపదాన్ని అక్కడ మాక్రోగా మార్చి, పిలిచినవాడి రన్‌టైమ్‌లోని బిగిన్‌థ్రెడెక్స్‌నే చాటుగా అందిస్తుంది. పాఠకుడికి ఇదేదీ కనిపించదు. కనిపించనవసరం లేదు కూడా.

పేరు సంగతిలో మాత్రం దాచిపెట్టింది కాస్త బయటికి పొడుచుకొస్తుంది. లినక్స్ కెర్నెల్ థ్రెడ్ పేరుకు 16 బైట్లు కేటాయించింది, అందులో చివరిది ముగింపు గుర్తు. మిగిలేవి 15. ఇంగ్లిష్ అక్షరాలైతే 15 పడతాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతానికీ పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు కావాలి గనుక మనకు దక్కేవి 5. నాంపల్లి అన్న పేరుకు 24 బైట్లు కావాలి. 15కు కోస్తే మిగిలేది "నాంపల". అబిడ్స్‌కు 21 కావాలి, కోస్తే "అబిడ్". కోఠి మాత్రం 12 బైట్లతో చెక్కుచెదరకుండా ఇముడుతుంది. కనుక తెలుగులో థ్రెడ్‌లకు పేరు పెట్టదలచినవారు కోఠి వైపు చూడటం మేలు. మ్యాక్‌లో ఏ థ్రెడ్ అయినా తన పేరు తానే పెట్టుకోవాలి, ఒకదానికి ఇంకొకటి పెట్టడం కుదరదు. లినక్స్‌లో కుదురుతుంది. లైబ్రరీ ఈ గొడవ తప్పించడానికి పేరును పుట్టుకతోనే అడిగి, కొత్త థ్రెడ్ కళ్లు తెరవగానే ఆ థ్రెడ్ చేతనే పెట్టిస్తుంది.

పాఠాంతర విచారణ. అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూసి ఉండగా వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. కంప్యూటర్ పుస్తకాలు త్వరగా పాతబడతాయి గనుక ఆ గుట్టల్లోకి త్వరగా చేరతాయి. ఎస్‌డీఎల్‌తో ఆటలు రాయడం నేర్పే పుస్తకం, 2013కు ముందు అచ్చయినది, అక్కడ చేతికి తగిలిందనుకుందాం. అందులో ద్విపద వేరేగా ఉంటుంది. మొదటి పాదంలో పేరు ఉండదు, పనీ సరుకూ అనే రెండు పదాలే. అది చిన్న తేడా. పెద్ద తేడా ఏమిటంటే ఆ పుస్తకం నేర్పే ఎస్‌డీఎల్ 1.2 ప్రతిలో కిల్‌థ్రెడ్ అనే మూడో క్రియ కూడా ఉంది: నడుస్తున్న థ్రెడ్‌ను బయటినుంచి, దాని అనుమతి లేకుండా, ఉన్నపళంగా ఆపేసేది. 2013 ఆగస్టులో వచ్చిన 2.0 ప్రతిలో అది లేదు. పాఠ పరిష్కర్తల సామాన్య న్యాయం ప్రాచీన పాఠం వైపే మొగ్గుతుంది. అదనంగా కనిపించేదంతా ఎవరో తర్వాత చొప్పించారంటారు. ఇక్కడ అదనం ప్రాచీనంలో ఉంది, శుద్ధి కొత్తదానిలో ఉంది. కనుక ఈ విషయంలో ఫుట్‌పాత్ ప్రతిని కొనండి, నమ్మకండి.

ఎందుకు నమ్మకూడదో నాంపల్లి స్టేషనే చెబుతుంది. 1907లో కట్టిన ఈ హైదరాబాద్ దక్కన్ స్టేషన్ టెర్మినస్. సికింద్రాబాద్‌లోలాగా రైలు వచ్చి ముందుకు దాటిపోదు. పట్టాలు అక్కడితో సరి. వచ్చిన రైలు ప్రయాణికులను దించి ఊరుకుంటే చాలదు, ఖాళీ బోగీలను ఎవరో వెనక్కి తీసుకెళ్లేదాకా ఆ ప్లాట్‌ఫామ్ ఇంకో రైలుకు ఖాళీ కాదు. థ్రెడ్ కూడా అంతే. పని ముగిసినా, ఎవరూ వెయిట్‌థ్రెడ్ పిలవకపోతే, దాని లెక్కలు, పోసిక్స్ వ్యవస్థల్లో దాని స్టాక్ కూడా, ఆక్రమించిన చోటును వదలవు. వందల థ్రెడ్‌లు ఇలా వచ్చి నిలబడితే చివరికి కొత్తది పుట్టదు, మొదటి పాదం నల్ ఇస్తుంది. వెయిట్ అన్న పేరు చూసి అది సోమరి క్రియ అనుకోవద్దు. ప్లాట్‌ఫామ్ ఖాళీ చేసేది అదే. ఒక థ్రెడ్‌కు ఒక్కసారే దాన్ని పిలవాలి. పిలిచాక ఆ పిడి చెల్లదు. ఇక రైలు ఎలా ఆగాలన్న ప్రశ్న. 2024 జనవరి 10న చెన్నై నుంచి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో ఆగవలసిన చోట ఆగక, డెడ్ ఎండ్ గోడను తాకి పట్టాలు తప్పింది. కొందరికి స్వల్ప గాయాలయ్యాయి. గోడ రైలును ఆపింది, అది నిజమే. అయినా గోడ ఉంది కదా బ్రేకులు ఎందుకని ఏ రైల్వే ఇంజనీరూ అడగడు. కిల్‌థ్రెడ్ ఆ గోడ. బ్రేకు వేయవలసింది లోపలివాడు.

గోడ తాకితే లోపల ఏమవుతుందో మైక్రోసాఫ్ట్ వారే తమ టెర్మినేట్‌థ్రెడ్ వివరణలో చెప్పుకున్నారు. చంపిన క్షణంలో ఆ థ్రెడ్ మెమరీ అడుగుతూ ఉంటే, హీప్ తాళం దాని దగ్గరే ఉండిపోతుంది. తాళం పట్టుకున్నది పోయింది, తాళం పోలేదు. ఆ తర్వాత ఏ సంబంధం లేని ఇంకో థ్రెడ్ నాలుగు బైట్లు అడిగి శాశ్వతంగా నిలబడిపోతుంది. తప్పు ఒకచోట, స్తంభన ఇంకోచోట. పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. జావా వారు ఇదే గోడను మొదట కట్టి, 1998 నాటి 1.2 ప్రతిలో స్టాప్‌ను వాడొద్దని చెప్పి, 2023లో 20వ ప్రతికి వచ్చేసరికి పిలిస్తే ఎక్సెప్షన్ విసిరేలా మార్చారు. ఆండ్రాయిడ్ సీ లైబ్రరీలో పోసిక్స్ రద్దు క్రియను అసలు చేర్చనే లేదు. 2011 నాటి సీ++ ప్రమాణం థ్రెడ్ ఇచ్చింది కానీ చంపే క్రియ ఇవ్వలేదు. పైగా జాయిన్ చేయకుండా, విడిచిపెట్టకుండా థ్రెడ్ వస్తువును నాశనం కానిస్తే ప్రోగ్రామ్ మొత్తాన్నే కూల్చేస్తుంది. అంత కోపం ఎందుకని 2020 ప్రమాణంలో జెథ్రెడ్ వచ్చింది. అది తన చివరి క్షణంలో ఆగమన్న సందేశం పంపి, ఆగేదాకా తానే నిలబడుతుంది. ఇన్ని చోట్ల, ఒకరి కోసం ఒకరు ఆగకుండా, అందరూ ఒకే వైపు నడవడం యాదృచ్ఛికం అనలేం.

శంక. వ్యవస్థలన్నిటికీ నచ్చేలా ఉండాలని ప్రతిదాని బలాన్నీ కోసేస్తే చివరికి పథ్యం కూడే మిగులుతుంది కదా, విండోస్‌లో ఉన్న శక్తిని ఎందుకు వదులుకోవాలి? సమాధానం. ఫలితాన్ని పూర్ణాంకానికి కుదించిన చోట ఈ ఆక్షేపణ నిలుస్తుంది. అక్కడ నిజంగా కొంత పోయింది. థ్రెడ్ ప్రాధాన్యం పెంచే క్రియలోనూ నిలుస్తుంది. లినక్స్‌లో మామూలు వాడుకదారుకు ఆ హక్కు చాలాసార్లు ఉండదు, క్రియ విఫలమయ్యానని మర్యాదగా చెప్పి ఊరుకుంటుంది. చంపే విషయంలో మాత్రం నిలవదు. ఎందుకంటే ఒక వ్యవస్థలో ఉండి ఇంకోదానిలో లేని బలం కాదది. ఏ వ్యవస్థలోనూ క్షేమంగా లేనిది. లేనిదాన్ని ఉన్నట్టు అన్ని వేదికల మీదా ఒకే పేరుతో చూపడం పోర్టబిలిటీ కాదు, ఒకే అబద్ధాన్ని నాలుగు భాషల్లో చెప్పడం.

మరో శంక, మొదటిదానికంటే గట్టిది. థ్రెడ్ నెట్‌వర్క్ నుంచి రాని జవాబు కోసం చూస్తూ కూర్చుంటే, లేదా ఎవరో రాసిన ఫంక్షన్‌లో చిక్కుకుంటే, రెండో పాదం దగ్గర ప్రోగ్రామ్ కూడా దానితోపాటే కూర్చోవాలా? నిజంగా కూర్చుంటుంది. వెయిట్‌థ్రెడ్‌కు గడువు ఇవ్వడానికి వీల్లేదు. సమాధానం రెండో పాదంలో లేదు, పనిలో ఉంది. పని అనే ఫంక్షన్ ప్రతి చుట్టులోనూ అటామిక్ జెండా ఒకటి చూడాలి. కండిషన్ వేరియబుల్ మీద నిద్రపోయేది గడువు పెట్టుకుని నిద్రపోవాలి, లేదా జెండా ఎత్తినవాడు దాన్ని తట్టి లేపాలి. నెట్‌వర్క్ చదివేది గడువుతో చదవాలి. అంటే థ్రెడ్ ఎలా ముగుస్తుందో దాని మొదటి గీత రాసేటప్పుడే తేల్చుకోవాలి. ఇతరులు రాసిన, లొంగని కోడ్ అయితే దానికి థ్రెడ్ ఇవ్వకండి, వేరే ప్రాసెస్ ఇవ్వండి. ప్రాసెస్‌ను చంపితే దాని మెమరీనీ, అందులోని తాళాలనూ ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తంగా తుడిచేస్తుంది, పక్క ప్రాసెస్ హీప్ చెక్కుచెదరదు. సగం రాసిన ఫైలు మాత్రం సగంగానే ఉంటుంది, అది వేరే లెక్క. 2008లో వచ్చిన గూగుల్ క్రోమ్ వెబ్ పేజీలను వేర్వేరు ప్రాసెస్‌ల్లో పెట్టడానికి ఒక కారణం ఇదే: ఏ పేజీ కోడ్ ఎలా ప్రవర్తిస్తుందో బ్రౌజర్‌కు ముందుగా తెలియదు. ఖరీదు ఎక్కువే. ప్రాసెస్ పుట్టించడం, సరుకు అటూ ఇటూ చేరవేయడం థ్రెడ్ కంటే భారం. కానీ చంపే హక్కు ఎక్కడ క్షేమమో అక్కడే ఉంచుకోవడానికి ఆ ఖరీదు.

చివరగా, రెండో పాదానికి బదులు వాడే ఇంకో క్రియ. ఎస్‌డీఎల్ 2.0.2లో డిటాచ్‌థ్రెడ్ చేరింది: థ్రెడ్‌ను దాని దారిన వదిలేస్తే, ముగిశాక తన చోటు తానే ఖాళీ చేసుకుంటుంది, ఫలితం మాత్రం ఎవరికీ దొరకదు. వెయిట్ చేయడానికి బద్ధకించేవారు దీన్ని విమోచనం అనుకుంటారు. వదిలేసిన థ్రెడ్‌కు కూడా ఒక చివర ఉందని మరిచిపోతారు. మెయిన్ ఫంక్షన్ ముగిస్తే ప్రాసెస్ ముగుస్తుంది, అప్పటికి నడుస్తున్న వదిలేసిన థ్రెడ్‌లన్నీ ఎక్కడివక్కడ తెగిపోతాయి. నాంపల్లి అప్పుడు ఆట స్కోరును ఫైలులో రాస్తూ ఉంటే సగం అంకె మిగులుతుంది. కిల్‌థ్రెడ్‌ను నిఘంటువులోంచి తీసేసిన లైబ్రరీ ఈ తెగిపోవడాన్ని మాత్రం తీయలేకపోయింది, ఎందుకంటే ఇది దాని క్రియ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. కనుక డిటాచ్ వాడదలచినవారు ముందు ఒక సంగతి చూసుకోవాలి: ఆ థ్రెడ్ ఏ క్షణంలో తెగిపోయినా చెడేది ఏదీ దాని చేతిలో లేదా? ఫైలు, తాళం, ఉమ్మడి మెమరీ ఉంటే డిటాచ్ వద్దు, మూలంలోని ద్విపదే వాడాలి. ఫలితం అక్కర్లేకపోతే రెండో పాదంలో ఆ చోట నల్ పెట్టినా లైబ్రరీ కాదనదు.