పట్టువిడుపులు: ఒక క్రూయిజ్ కంట్రోల్ ఆత్మకథ

పాత కారుకు తరవాత బిగించుకునే క్రూయిజ్ కంట్రోల్ ఒక అట్టపెట్టెలో పట్టేంత యంత్రం. రబ్బరు పొర ఉన్న సర్వో డబ్బా, దానికి అంటిపెట్టుకున్న చిన్న కంప్యూటరు, ఇంజనులోకి గాలిని వదిలే థ్రాటిల్‌ను లాగే ఉక్కు కేబులు, అయస్కాంతాలు, ఒక తీగచుట్ట, వాక్యూం నిల్వ ఉంచే డబ్బా, కొంత రబ్బరు గొట్టం, రంగురంగుల వైర్లు, మీటల స్విచ్చి: ఇంతే సరంజామా. ఈ కథ చెప్పుకుంటున్నది ఆ పెట్టెలోని యంత్రమే. యంత్రానికి ‘నేను’ అనుకునే అలవాటు ఉండదు కాబట్టి ఆత్మకథ అయినా ప్రథమ పురుషలోనే సాగుతుంది. దీనికి కళ్లు లేవు, రోడ్డు తెలియదు. తెలిసిందల్లా వేగం ఒక్కటే. ఆ వేగాన్ని పట్టి ఉంచడం సులువే. వదలమన్న క్షణాన వదిలేయడంలోనే దీని పనితనమంతా ఉంది. బిగించే మెకానిక్ శ్రమలో పెద్ద వాటా కూడా అక్కడికే పోతుంది.

వంశం ఆవిరి యంత్రాల నాటిది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి గవర్నర్ అమర్చాడు. వేగం పెరిగితే రెండు ఇనుప గుండ్లు బయటికి విచ్చుకుని ఆవిరి దారిని మూస్తాయి. తగ్గితే దగ్గరికి వచ్చి తెరుస్తాయి. పొలాల్లో నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లకూ ఇలాంటి గవర్నరే ఉండేది కనుక తెలుగునాట పాతతరం మెకానిక్కులకు ఇది ఎరుగని సంగతి కాదు.

దాన్ని కార్లలో జనానికి అలవాటు చేసిన ఘనత రాల్ఫ్ టీటర్‌ది. 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, హేగర్స్‌టౌన్‌లో పుట్టాడు. ఐదేళ్ల వయసులో ప్రమాదం జరిగి చూపు పోయింది. అయినా పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాడు, పర్ఫెక్ట్ సర్కిల్ అనే పిస్టన్ రింగుల కంపెనీని నడిపించాడు, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన వకీలు కారు నడుపుతూ తాను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడనీ, ఎదుటివారి మాట వినేటప్పుడు పెంచేవాడనీ, ఆ ఊగిసలాటకు విసిగే టీటర్ ఈ యంత్రం తలపెట్టాడనీ చెప్పుకుంటారు. చూపున్నవాళ్లు వేగాన్ని ముల్లు చూసి తెలుసుకుంటారు. ఆయనకు అది ఒంటికి తగిలే కుదుపు. పేటెంటు 1950 ఆగస్టు 22న చేతికొచ్చింది. ఆ తొలి రూపం వేగాన్ని పట్టి ఉంచేది కూడా కాదు. ఎంచుకున్న వేగం చేరగానే పెడల్‌ను కాలికి ఎదురు నెట్టి హెచ్చరించేది. పట్టు తరవాత వచ్చింది. 1958లో క్రైస్లర్ తన ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ కార్లలో ‘ఆటో-పైలట్’ పేరుతో దీన్ని అమ్మింది. క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరు క్యాడిలాక్ పెట్టింది, అదే నిలిచింది.

1973 చమురు సంక్షోభం దీని రాత మార్చింది. 1974 మొదట్లో అమెరికా అంతటా గంటకు 55 మైళ్ల పరిమితి పెట్టారు. ఖాళీ రోడ్డు మీద కాలిని అక్కడే ఆపి ఉంచడం మనిషికి కష్టం, యంత్రానికి సుఖం. క్రమంగా గుండ్ల గవర్నర్ పోయి ఎలక్ట్రానిక్ చిప్ వచ్చింది. కంపెనీ నుంచి ఈ సౌకర్యం లేకుండా వచ్చిన కార్ల కోసం ఏ కారుకైనా సరిపోయే కిట్లు విడిగా అమ్ముడుపోయాయి. ఈ యంత్రం ఆ సంతతిది.

ఇది చేరిన కారు 1980ల చివరి నాటి వోల్వో 240: నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు, వెనక చక్రాలకు శక్తినిచ్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్. వోల్వో ఇదే కారుకు తన సొంత క్రూయిజ్ కంట్రోల్‌ను కూడా అమ్మేది. అందులో వాక్యూం కోసం విడిగా విద్యుత్ పంపు ఉంటుంది. పాత కార్లు విప్పి అమ్మేచోట ఆ భాగాలన్నీ చెక్కుచెదరకుండా దొరికితే అదే మేలు. ఈ మాట ఈ యంత్రానికి నష్టమైనా నిజమే. అయితే అవి అన్నీ ఒకేచోట దొరకడం అరుదు.

బిగించే ముందు కారును చూడాలి. కాలు తీయగానే థ్రాటిల్ తనంతట తాను టప్పున మూసుకోవాలి. జిగురు పట్టి, స్ప్రింగు సాగి నెమ్మదిగా వెనక్కొచ్చే థ్రాటిల్ మీద ఈ యంత్రాన్ని ఎక్కించడం ప్రమాదం. ఇది థ్రాటిల్‌ను తెరవగలదే తప్ప మూయలేదు. మూసే పని కారు స్ప్రింగుదే.

సర్వో బలం గాలి ఒత్తిడిలోని తేడా నుంచి వస్తుంది. ఖాళీగా తిరిగే పెట్రోలు ఇంజను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో 18 నుంచి 20 అంగుళాల పాదరసమంత వాక్యూం ఉంటుంది. డబ్బాలోని గాలిని అది పీల్చేస్తే రబ్బరు పొర వెనక్కి కదిలి కేబులును లాగుతుంది. లోపల ఒక వాల్వు వాక్యూంను లోపలికి వదులుతుంది, మరొకటి బయటి గాలిని. రెండోది కరెంటు ఉన్నంతసేపే మూసుకుని ఉంటుంది. ఫ్యూజు పోయినా వైరు ఊడినా తెరుచుకుంటుంది, గాలి నిండి పట్టు సడలుతుంది. వాక్యూం గొట్టాన్ని మానిఫోల్డ్ నుంచి తీసుకోవాలి కానీ బ్రేకు బూస్టర్ గొట్టం జోలికి పోవడం తెలివి కాదు. డబ్బాను ఎగ్జాస్టు వేడికి దూరంగా బిగించి, కేబులును ఎక్కడా మడత పడనీయకుండా విశాలమైన వంపుతో తెచ్చి, గింజల గొలుసుతో థ్రాటిల్‌కు తగిలిస్తారు. గొలుసులో కాస్త వదులు ఉండాలి. బిగుతుగా ఉంటే ఇంజను ఖాళీ వేగం పెరిగిపోతుంది. మరీ వదులైతే సర్వో లాగుడంతా వదులు తీయడానికే సరిపోతుంది.

వేగం తెలిసే తీరు మరీ సాదా. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు అయస్కాంతం కట్టి, అంగుళం లోపు దూరంలో తీగచుట్ట బిగిస్తారు. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ తీగచుట్టలో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. గంటకు 60 మైళ్ల దగ్గర ఈ కారు షాఫ్ట్ సెకనుకు సుమారు 50 చుట్లు తిరుగుతుంది. గుంతల్లో షాఫ్ట్ వెనక కొస బాగా ఎగిరిపడుతుంది కనుక, కదలిక తక్కువగా ఉండే గేర్‌బాక్సు వైపో మధ్య బేరింగు దగ్గరో అయస్కాంతం కట్టాలి. గంటకు సుమారు 30 మైళ్ల లోపు ఈ యంత్రం పట్టదు. ఊళ్లో వీధుల్లో దీనికి పని లేదు.

ఇక విడుపు. మొదటి దారి బ్రేకు లైటు వైరు. బ్రేకు నొక్కగానే అందులోకి 12 వోల్టులు వస్తాయి, కంప్యూటరు పట్టు వదిలేస్తుంది. ఇందులో ఒక మెలిక ఉంది. బ్రేకు నొక్కనప్పుడు అదే వైరు బల్బుల ఫిలమెంటు గుండా ఎర్త్‌కు తగులుతూ ఉండాలి. అలా తగిలితేనే వైరు తెగలేదని యంత్రానికి నమ్మకం. బల్బులు మాడిపోయినా, సోకుకు ఎల్ఈడీ దీపాలు పెట్టినా ఆ ఎర్త్ అందదు, యంత్రం ఎంత నొక్కినా పట్టదు. అప్పుడు యంత్రం చెడిందని తిట్టుకోవడం కన్నా ఒక రిలే పెట్టించడం మంచిది. వోల్వో 240లో మరో సంగతి: బ్రేకు లైట్ల కరెంటు బల్బులు మాడినట్టు కనిపెట్టే సెన్సర్ గుండా పోతుంది. రెండువైపుల కరెంటు సమంగా లేకపోతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. అందుకే యంత్రం వైరును బ్రేకు స్విచ్చికీ ఆ సెన్సర్‌కూ మధ్యలోనే కలపాలి.

రెండో దారికి కరెంటుతో పనే లేదు. బ్రేకు పెడల్ దగ్గర చిన్న గాలి వాల్వు బిగిస్తే, పెడల్ కదలగానే సర్వో డబ్బాలోకి నేరుగా గాలి జొరబడుతుంది. కంప్యూటరుకు మతిపోయినా ఈ దారి పనిచేస్తుంది. కొందరు మెకానిక్కులు దీన్ని అదనపు ఖర్చుగా చూస్తారు. ఈ యంత్రం దృష్టిలో పెట్టెలో ఉన్న వాటన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మూడోది క్లచ్. క్రూయిజ్ పట్టి ఉండగా క్లచ్ నొక్కితే బరువు తప్పిన ఇంజను ఒక్కసారిగా అరుస్తుంది. క్లచ్ పెడల్‌కు స్విచ్చి పెట్టాలి. దానికి తోడు ఇగ్నిషన్ కాయిల్ నుంచి వైరు తెస్తే, ఇంజను చుట్లు ఉన్నపాటున పెరగడం గమనించి యంత్రమే వదిలేస్తుంది.

తరవాత మిగిలింది దిద్దుబాటు. చిన్న మీటలతో సిలిండర్ల సంఖ్య, మైలుకు స్పందనల సంఖ్య, స్పందించే తీవ్రత చెబుతారు. తీవ్రత ఎక్కువైతే కారు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. తక్కువైతే చిన్న ఎక్కుడుకే చతికిలబడుతుంది.

ఎక్కుడు దీని అసలు బలహీనత. థ్రాటిల్ ఎక్కువ తెరిచే కొద్దీ మానిఫోల్డ్ వాక్యూం పడిపోతుంది, అంటే బలం ఎక్కువ కావలసిన చోటే బలం తగ్గుతుంది. నిల్వ డబ్బా, వెనక్కి పోనివ్వని వాల్వు కొంతసేపు ఆదుకుంటాయి. నెబ్రాస్కా మైదానాల్లో ఇంటర్‌స్టేట్ 80 మీద హాయిగా నడిచే ఇదే కిట్, డెన్వర్ నుంచి పడమరకు ఇంటర్‌స్టేట్ 70 ఎక్కితే రొప్పుతుంది. అక్కడ ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైన ఉంది. ప్రతి 1,000 అడుగులకు సుమారు ఒక అంగుళం పాదరసం చొప్పున వాక్యూం తగ్గుతూ పోతుంది. ఇంజను బలం కూడా తగ్గుతుంది. అలాంటి చోట స్విచ్చి ఆపి కాలికే పని చెప్పాలి.

వానలో దీన్ని అసలు వాడకూడదు. ఇది కొలిచేది రోడ్డు మీద కారు వేగాన్ని కాదు, చక్రాలను తిప్పే షాఫ్ట్ వేగాన్ని. నీటి పొర మీద టైరు తేలినప్పుడు మనిషైతే కాలు తీస్తాడు. యంత్రం థ్రాటిల్ తెరిచే ఉంచుతుంది.

టర్బో, డీజిలు కార్లకు ఈ పద్ధతి కుదరదు. వాటికి విద్యుత్ మోటారుతో లాగే సర్వోలు ఉన్నాయి. థ్రాటిల్‌కు కేబులే లేని తరవాతి తరం కార్లలో పని ఇంకా తేలిక. నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిలులో స్టీరింగ్ పక్కన మీట మార్చి, అవసరమైన వైరు కలిపి, ఇంజను కంప్యూటరులో కోడ్ కొడితే చాలు.

ఈ యంత్రం ఉన్న పాత కారు కొనేవారు చేయవలసింది ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద దీన్ని పట్టించి, బ్రేకును మునివేలితో తాకినంత మెల్లగా నొక్కి చూడండి; మళ్లీ పట్టించి క్లచ్, ఆపైన స్విచ్చి కూడా. ప్రతిసారీ వెంటనే వదలాలి. పెడల్ దగ్గరి గాలి వాల్వును విడిగా పరీక్షించమని మెకానిక్‌ను అడగండి. గట్టిపడి పగిలిన వాక్యూం గొట్టాలుంటే మార్పించండి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా గొలుసు ఊడదీసి పక్కన పెట్టేయండి; ఇది లేకపోయినా కారు నడుస్తుంది.