గుండిగల నడుమ ఒక డాంగిలు

విశాఖపట్టణమందలి పూర్ణా మార్కెట్టులో, క్రింద ఇత్తడి, స్టీలు సామానుల దుకాణమును, పైన కాపురమును గల యొక పాత మేడయందు, శెట్టిగారి లెక్కల గదిలోని కంప్యూటరు వెనుక, ఇనుపపెట్టెకును సున్నపుగోడకును నడుమ నున్న బెత్తెడు సందు నా నివాసము. నేను వైఫై డాంగిలును. దుకాణమున గల్లాపెట్టెకు పైగా గోడకు బిగింపబడిన రూటరు పలుకును ఆలకించి మేడమీది కంప్యూటరునకు విన్నవించుటయు, దాని మనవిని మరల క్రిందికి చేరవేయుటయు నా వృత్తి. దేహము స్వల్పము, అందలి ఏంటెనా అంతకంటెను సూక్ష్మము, మోయవలసిన అపవాదు మాత్రము అపారము.

ఆ గదిలోనే బీరువా మీద ఒక ముసలి రేడియో కలదు. 1963లో వెలసిన విశాఖ ఆకాశవాణి కేంద్రమును 927 కిలోహెర్ట్జుల మీద పట్టి, శెట్టిగారి తండ్రిగారు ఏ మూలన గూర్చుండి తిప్పినను అది తడబాటెరుగక పలికెడిదట. ఆ ముచ్చటను నా యెదుట మాటిమాటికి ఎత్తుట న్యాయము కాదు. ఆ తరంగపు నిడివి 320 మీటర్లకు పైమాట. నాది రమారమి 12 సెంటీమీటర్లు. అంతటి తరంగమునకు మా మేడ యొక అడ్డు కాదు; నా తరంగమునకు గుండిగ మూత సయితము కోటగోడయే.

నా కష్టములు సాయంకాలమున మొదలగును. క్రింద బేరములు ముదిరి, బిల్లులు పేరుకొని, పై గదిలో గుమాస్తా జీఎస్టీ పద్దులు ఎక్కించు వేళకు సంబంధము తెగును. "బాబుగారూ, నెట్టు మళ్లీ పోనాదండి" అని అతడు మెట్ల మీదినుండి కేక వేయును. "ఆ రూటరు ఓసారి ఆపి వెయ్యరా" అని క్రిందినుండి ప్రత్యుత్తరము వచ్చును. ఆపి వేసినచో కొంతసేపు అంతయు సవ్యముగనే నడచును. రోగము కుదిరినట్లు భ్రమ గొలిపి, దాని మూలమును వెదకనీయక, మనుష్యులను ఏండ్ల తరబడి ఒకే స్విచ్చి చుట్టును త్రిప్పుచున్న యీ యుపాయముకంటె నా జాతికి పరమశత్రువు వేరొకటి లేదని నా అభిప్రాయము. 20వ తేదీకి నెలసరి రిటర్ను దాఖలు కావలెను గదా! గడువు సమీపించిన యొక నాడు శెట్టిగారు ఇంటర్నెట్టు కంపెనీపై మండిపడగా, వారు పంపిన కుర్రవాడు గల్లాపెట్టె చెంత నిలిచి, తన ఫోనులో వేగము చూపి, "లైను బాగానే ఉందండి" అని వెడలిపోయెను. అతడాడినది అసత్యము కాదు; అతడు చూచిన చోటు వేరు, చెడిన చోటు వేరు.

ఈ భేదమును మొదట గ్రహించినది సంక్రాంతి సెలవులకు వచ్చిన శెట్టిగారి మనవరాలు. ఆ పిల్ల వచ్చీరాగానే దేనినీ ఆపి వేయలేదు. తెరపై రెండు నల్లని కిటికీలు తెరచి, ఒకదానినుండి 192.168.1.1 అను చిరునామా గల మా యింటి రూటరునకును, రెండవదానినుండి 8.8.8.8 అను గూగుల్ వారి సర్వరునకును ఎడతెగక పింగులు పంపుచు కూర్చుండెను. బయటి లైనే చెడినచో మొదటిది బదులు పలుకుచుండగా రెండవది మాత్రమే మూగవోవలెను. ఇచ్చట రెండును ఒక్కసారిగా మూగవోయెను. పిమ్మట తన ల్యాప్‌టాపును అదే బల్లపై నుంచి చూడగా అది నిరాటంకముగ పనిచేసెను. "తప్పు కంపెనీది కాదు తాతయ్యా, రూటరుదీ కాదు. మన కంప్యూటర్ దగ్గరే ఏదో ఉంది" అనెను. నేను వణకితిని.

మొదట ఆమె డివైస్ మేనేజరులో నా పేరు వెదకి, విద్యుత్తు ఆదా కొరకు నన్ను నిద్రపుచ్చుటకు కంప్యూటరునకు గల అనుమతిని రద్దు చేసెను. పిమ్మట ఇరుగుపొరుగుల సంగతి తేలెను. 2005లో ప్రభుత్వము 2.4 గిగాహెర్ట్జుల పట్టీని లైసెన్సు లేకయే వాడుకొన ననుమతించిన పిదప, క్రమముగా వీధిలోని దుకాణములన్నియు ఆ యిరుకు దారిలోనే సంభాషింప మొదలిడినవి. అందు ఒండొరులను రాచుకొనక నడువదగిన ఛానళ్లు సాధారణముగా 1, 6, 11 అను మూడే. జనసమ్మర్దము గల 6ను పట్టుకొని వ్రేలాడుచున్న మా రూటరును ఆమె 11నకు మార్చెను.

కాని నా అసలు శత్రువు నా ప్రక్కనే యుండెను. పద్దుల నకళ్లు దాచుటకై శెట్టిగారు కొన్న హార్డుడిస్కు నా పొరుగు రంధ్రముననే తగిలింపబడియుండెను. యూఎస్‌బీ 3.0 మార్గమున సమాచారము పారునపుడు పుట్టు రొద 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమునకును వ్యాపించి, చేరువనున్న నా వంటివారిని బాధించునని ఇంటెల్ సంస్థవారు 2012లోనే ఒక పత్రమున వెల్లడించిరి. గుమాస్తా ఆనాటి పద్దులకు నకలు తీయుటయు, నేను చెవిటినగుటయు ఏకకాలమున జరుగుచున్నవని ఇన్నాళ్లును ఎవరికిని తోచలేదు. వెనుక గోడ, ముందు ఇనుము, ప్రక్కన ఆ రొద. ఇక రూటరు గుసగుస నాకెట్లు వినవచ్చును? ఆ పిల్ల మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబులొకటి తెప్పించి, దాని చివర నన్ను తగిలించి, మెట్లవైపు కిటికీ చట్రమునకు కట్టెను. చిరకాలమునకు నేను గాలి వెలుతురులను జూచితిని.

ఆమెకింకను తృప్తి లేదు. "కదలని కంప్యూటర్‌కి వైఫై ఎందుకు తాతయ్యా? కిందనుంచి ఒక కేబుల్ లాగేస్తే పోతుంది కదా" అనెను. నా ఉద్యోగమునకు ముప్పు దెచ్చు మాటయైనను, అందలి యుక్తిని కాదనజాలను. శెట్టిగారు మాత్రము "మా నాన్న కట్టించిన గోడకి చిల్లు పెట్టనివ్వను" అనిరి.

ఇంతలో మాఘమాసపు ముహూర్తముల సరుకు దిగెను. పెండ్లివంటల గుండిగలును, గంగాళములును, బిందెలును దుకాణము నిండి మెట్ల మీదికి ప్రాకెను. నేను మరల తడబడితిని. మనవరాలు సుద్దముక్కతో మెట్ల నడుమ గీత గీసి, "దీనికి పైన ఇత్తడి పెట్టకండి తాతయ్యా, సిగ్నల్ ఆగిపోతుంది. ప్లాస్టిక్ అయితే పర్వాలేదు" అనెను. ప్లాస్టిక్కును కన్నెత్తి చూడని శెట్టిగారు గుమాస్తాను పంపి ఎరుపు, నీలము బకెట్లు తెప్పించి, గుండిగలను క్రిందికి దింపించి, ఆ బకెట్లను గీతకు పైన దొంతులుగా పేర్పించిరి. పేర్పించి, మనవరాలి వంక తిరిగి, "ఇవి అమ్ముడుపోకపోతే నీ సిగ్నల్ కొనుక్కుంటుందేమిటే?" అనిరి.