చిలుమెక్కని డ్రాగన్లు

ఈ కాలం పిల్లలకి రాగి అంటే తెలిసిందల్లా కరెంటు తీగే. అయినా రాగి డ్రాగన్ల వంశవృక్షం మాత్రం గడగడా రాసేస్తారు. సెలవులకి కోరుకొండ వచ్చిన మా మనవడికి పొద్దస్తమానం అదే పని. ఒక్కో లోహానికీ ఒక్కో కుటుంబం, దానికో పెద్ద, వాడి సంతానం, నోట్లోంచి ఏం కక్కుతారు, ఎక్కడ కాపరం, అన్నీ నోటు పుస్తకంలో ఎక్కించాలి. తర్వాత స్నేహితులంతా చుట్టూ కూచుని, తలా ఒక పాత్ర కట్టి, ఇరవై ముఖాల పాచిక వేసుకుంటూ ఆడతారట.

ఇదేదో కొత్త విద్య అనుకునేరు. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అమెరికాలో 1974లోనే వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు కట్టిన ఆట. మొదట్లో లోహమంటే బంగారు డ్రాగన్ ఒక్కటే. మరుసటేడు 'గ్రేహాక్' అనే అనుబంధంలో ఇత్తడి, రాగి, కంచు, వెండి చేరాయి. రంగుల డ్రాగన్లు దుర్మార్గులు, లోహపు డ్రాగన్లు సజ్జనులు, అదీ పంపకం. అంటే ఇదీ మా రోజుల నాటి సరుకే. కనక తప్పులెన్నే హక్కు నాకు నిక్షేపంలా ఉంది.

రాగి డ్రాగన్ యాసిడ్ కక్కుతుందట! "ఒరే, రాగి చెంబులో మజ్జిగ పోసి తెల్లారేదాకా ఉంచు, ఎవరు ఎవర్ని తింటారో చూద్దాం" అన్నాను. "రూల్ బుక్కులో అలాగే ఉంది తాతయ్యా" అన్నాడు. ఇత్తడి డ్రాగనేమో ఎడారిలో కూచుని దారినపోయేవాళ్ళని ఆపి కబుర్లు చెబుతుందట. పక్కన కంచు ఉండగా నోరు ఇత్తడికెందుకు పోయింది? మా రోజుల్లో ఫాల్గుణంలో మా ఊరి కొండమీది స్వామి కళ్యాణానికి ఆరు వందల పైచిలుకు మెట్లెక్కి దిగాక, తీర్థంలో సామాన్ల కొట్టు ముందు మా అమ్మ గిన్నెని వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేది. ఖంగుమన్న మోత అలా సాగుతూ ఉంటే బేరం. చప్పున చచ్చిపోతే పక్క కొట్టు. కంచుకంఠం అని ఊరికే అన్నారా? ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. కంచు డ్రాగన్ని సముద్రపు ఒడ్డున కాపరం పెట్టారు. ఉప్పునీళ్ళు ఇనుముని తిన్నట్టు కంచుని తినలేవు. ఆ ముక్క రాసినవాడెవడో సామాను వాడినవాడే.

అసలు ఈ మూడూ వేరు కుటుంబాలు ఎలా అవుతాయి? రాగిలో తగరం కలిస్తే కంచు, తుత్తునాగం కలిస్తే ఇత్తడి. "ఒకే తల్లి బిడ్డలురా, ఆస్తి తగాదా పెట్టు, ఆట రక్తి కడుతుంది" అన్నాను. పెదవి విరిచాడు గానీ రాసుకున్నాడు.

పేర్లయితే మరీ అన్యాయం. 1991లో 'డ్రాగన్' అనే పత్రిక ఇనుము వర్గం ఒకటి తీసుకొచ్చిందట: ఇనుము, క్రోమియం, కోబాల్ట్, నికెల్, టంగ్‌స్టన్. కెమిస్ట్రీ లాబ్‌లో హాజరు పిలిచినట్టుంది. పాముజాతికి పేర్లు పెట్టడం ఆదిపర్వంలో చూడాలి. జనమేజయుడి యాగంలో పడ్డ సర్పాలని వాసుకి, తక్షకుడు, ఐరావతుడు, కౌరవ్యుడు, ధృతరాష్ట్రుడు అని ఐదు కులాలుగా విడదీసి చెబుతాడు వ్యాసుడు. ఒక్క వాసుకి ఇంట్లోనే కాలవేగుడు, హిరణ్యబాహువు, కాలదంతకుడు! నన్నయ కూచుని ఆ భారతాన్ని తెలుగు చేయడం మొదలెట్టిన రాజమహేంద్రవరం మాకు బస్సెక్కితే వచ్చేస్తుంది. లోహాలే కావాలంటే త్రిపురాసురులు లేరూ? తారకాక్షుడిది బంగారు పురం, కమలాక్షుడిది వెండి, విద్యున్మాలిది ఇనుము. బంగారం కదా అని శివుడేం మొహమాటపడలేదు, ఒక్క బాణానికి మూడూ బూడిద. లోహాన్ని చూసి మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చే అలవాటు మనవాళ్ళకి లేదు.

ఇంతా చేసి మా మనవడి పుస్తకంలో తగరానికి చోటే లేదు. "దానికి పవరేముంది తాతయ్యా?" ట! మా వీధిలోకి కళాయివాడు వచ్చేవాడు. నేలలో గుంట తీసి, తిత్తి ఊది బొగ్గులు రాజేసి, గిన్నె కాలాక నవాసారం చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచేది. పిల్లలం దగ్గుకుంటూ వెనక్కి ఉరికేవాళ్ళం. తగరం అద్ది దూదితో చుట్టూ రుద్దాడంటే గిన్నె లోపలంతా తళతళ. ఆ పూత ఉంటేనే అందులో పులుసు కాచేవారు. మరి యాసిడ్ కక్కే ఆ రాగి డ్రాగన్ నోరు పుండవకుండా ఉండాలంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? తగరం డ్రాగన్ కాళ్ళే! పులుపుకి లొంగని ఒళ్ళు, తెల్లపొగ ఊపిరి. పూత అరిగినప్పుడల్లా రాగి, ఇత్తడి కుటుంబాలు రెండూ తగరం గుమ్మం ముందు నోళ్ళు తెరుచుకుని వరస కట్టాలి.

ఆ తగరం కుటుంబప్పెద్దకి శ్వేతధూముడని పేరు పెట్టమన్నాను. వాడు 'టిన్నాక్స్' అని రాసుకున్నాడు.